చిత్రావతి గట్టు మీద నడక

ఆ డాక్టరు మీద నాకు కోపం లేదు. పెనుకొండలో ఉండేవాడు, మంచి మనిషి. మా ఆయన కాలిని మోకాలి దాకా నొక్కి నొక్కి చూసి, "మందు ఇస్తాను గానీ ఇది ఒట్టి మందుతో పోయేది కాదు. రోజూ సాయంత్రం నడువు. మూటలు మోసుకుంటూ కాదు, పరుగులు పెడుతూ కాదు, చదునైన దారిలో నిదానంగా ఊరికే నడువు. నడిస్తే కాలు నిలుస్తుంది, లేకపోతే వచ్చే ఏడాదికి దాన్ని ఈడ్చుకుంటూ తిరగాలి" అని చెప్పాడు. ఆయన చెప్పినట్టే అయింది. నా కోపం మిగతా అందరి మీదా. అందులో మా ఆయన కూడా ఉన్నాడు. ఇంత ముసలిదానివయ్యావు, ఇకనైనా చల్లారవా అంటారు మా పిల్లలు. చల్లారలేదు. ఎందుకు చల్లారాలి?

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. నన్ను హిందూపురం నుంచి చేసుకున్నారు. చీర కట్టుకునేవాళ్ళకు మగ్గం అంటే పైన కనిపించే కర్రలూ దారాలే. కింద ఒక గుంట ఉంటుంది. నేతగాడు నేల మీద కూర్చుని కాళ్ళు ఆ గుంటలోకి దించి తొక్కుతూ ఉంటాడు. పైన పట్టు మెరుస్తుంటుంది, కింద చెమ్మలో కాళ్ళు నానుతుంటాయి. మా ఆయన పాలపళ్ళు ఊడకముందే ఆ గుంటలోకి దిగిన మనిషి. పొద్దున దిగితే పొద్దుగూకేదాకా అందులోనే. ఒకరోజు మధ్యాహ్నం సంగటి చేసిపెట్టి పిలిచాను. రాలేదు. మళ్ళీ పిలిచాను. "కాలు నాది కాదనిపిస్తాందే" అన్నాడు. కుడికాలు మొద్దుబారి, చీలమండ దగ్గర వాచి ఉంది. నేనూ మా అత్తా చెరో రెక్కా పట్టి గుంటలోంచి పైకి లాగాం. మరుసటి రోజే రైలెక్కించి పెనుకొండ తీసుకుపోయాను. దొరల కాలం, రెండో పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాని రోజులవి.

ఇంటికి వచ్చి నడక మొదలుపెట్టామో లేదో, మా వీధికి అదొక వింత అయిపోయింది. నేతగాళ్ళ వీధిలో నడిచే ప్రతి మనిషికీ ఒక పని ఉంటుంది. ఒకడు పట్టు రంగుకు తీసుకుపోతుంటాడు, ఒకడు పడుగు దారాలు నిలువునా సాగదీస్తుంటాడు, ఇంకొకడు నేసిన చీర మడతపెట్టి షావుకారు ఇంటికి పోతుంటాడు. చేతిలో ఏమీ లేకుండా సాయంత్రం పూట వీధి వెంట పోయే మనిషి కనబడితే అరుగుల మీద వాళ్ళ నోరు ఊరుకుంటుందా?

"యాడికి పోతాండావప్పా?"

"యాడికీ లేదు. ఊరికే."

"ఊరికే నడిచేది దొరలూ, కుక్కలూ గదప్పా. నువ్వు యాంట్లో చేరితివి?"

మా ఆయన నవ్వి ఊరుకునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన వాటా కూడా దేవుడు నాకే ఇచ్చినట్టున్నాడు. "మీ నోటికి నడక చెప్పలేదులే డాక్టరు, దానికి కొంచెం సేపు విశ్రాంతి ఇయ్యండి" అనేదాన్ని. దానికీ నవ్వేవాళ్ళు.

నేనెందుకు వెంట పోయేదాన్నంటే, ఆసరా లేకుండా ఆయన అడుగు వెయ్యలేడు. కర్ర ఇస్తే జారిపోయేది. నా భుజం మీద చెయ్యి వేస్తే మాత్రం అడుగు పడేది. మొగుడు ముందూ పెళ్ళాం వెనకా పోవలసిన కాలంలో, అందరూ చూస్తుండగా మొగుడు పెళ్ళాం భుజం మీద చెయ్యి వేసి నడవడమంటే మాటలా? మా అత్త వాకిట్లో నిలబడి ఊరంతా వినేలా అనేది: "సిగ్గూ ఎగ్గూ ఉండాదేమే నీకు?"

"సిగ్గు ఉండాది అత్తా. కాలే లేదు" అన్నాను. ఆ రోజు నుంచి మాకు అడ్డు చెప్పలేదు.

నిజం చెప్పొద్దూ, ఆ నడక నాకు ఇష్టంగా ఉండేది. ముగ్గురు పిల్లల తల్లినయ్యాక గానీ నేను కాపురం చేస్తున్న ఊరు ఎట్లా ఉంటుందో చూడలేదు. మా వీధి దాటితే జట్కాలవాళ్ళ వీధి. సాయంత్రం అక్కడ గుర్రాలకు ఉలవలు పెడుతుండేవాళ్ళు. సాయిబుల ఆడవాళ్ళు తలుపు వారగా నిలబడి "ఎట్లుండాది మీ ఆయనకు?" అని అడిగేవాళ్ళు. మా వీధివాళ్ళ కన్నా వాళ్ళే నయం. అది దాటితే పాత కోట వైపు ఇళ్ళు. ఎప్పటి మిద్దెలో, గోడలు సగం కూలినా తలుపుల మీద చెక్కిన హంసలు మాత్రం చెక్కుచెదరలేదు. మా ఆయన అక్కడ నిలబడిపోయేవాడు. "ఈ హంస మన అంచుకు వస్తాది సూడు" అనేవాడు. నడవమని తెస్తే మగ్గం పని చేస్తావేమయ్యా అని కసిరి ముందుకు లాగేదాన్ని. ఆ తర్వాత ఆఫీసర్ల బంగళాలు, ఎత్తైన ప్రహరీలు, లోపలి నుంచి మల్లెల వాసన. అక్కడి నుంచి చిత్రావతి గట్టు.

గట్టు మీద ఒక తోట వేశారు. తోట అంటే, తినేది ఏదీ కాయని తోట. రంగురంగుల ఆకులు, చుట్టూ కమ్మీలు, మధ్యలో బాట, బాట పక్కన కూర్చోవడానికి బెంచీలు. మా అత్తకు ఎంత చెప్పినా నమ్మలేదు. "కాయా పండూ లేకపోతే దానికి నీళ్ళెందుకు పోస్తారే?" అనేది. ఏట్లో చూస్తే నీళ్ళు ఉండవు, ఇసుకే. ఆడవాళ్ళు ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి కడవ నింపుకోవడానికి అట్లా కాచుకుని కూర్చుంటే, ఆకులకు మాత్రం కావళ్ళతో నీళ్ళు వచ్చేవి. అది చూసిన రోజే నాకు ఆ తోట మీద ఒళ్ళు మండింది. కానీ గట్టు మీద చదునైన దారి అదొక్కటే. డాక్టరు చెప్పిన దారి ఇంకెక్కడ దొరుకుతుంది?

మొదటి రోజు కాపలావాడు అడ్డం వచ్చాడు. "ఈడ మీరు తిరగకూడదు."

"గట్టు మీ నాయన కట్టించినాడా?" అన్నాను.

వాడు నన్నూ మా ఆయన కాలినీ మార్చి మార్చి చూసి, "పోండి గానీ, బెంచీల మీద కూచోకూడదు. అవి ఆఫీసర్లకు" అన్నాడు. మేం కూర్చోలేదు. అలుపొస్తే కమ్మీల బయట ఒక బండ ఉండేది, దాని మీద కూర్చునేవాళ్ళం. అంత వినయంగా ఉన్నాం. అది తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే మంట.

కాలు కోలుకుంది. నిజంగా కోలుకుంది. మొదట వాపు తీసింది. తర్వాత ఒక సాయంత్రం గట్టు మీద ఒక పలుగురాయి ఆయన కుడి పాదం కింద పడితే "అబ్బా!" అన్నాడు. ఇద్దరం ఆగిపోయాం. ఆయన నావైపు చూసి, "నొప్పి తెలుస్తాందే" అన్నాడు. మొగుడికి నొప్పి వచ్చిందని సంతోషంతో ఏడ్చిన ఆడదాన్ని నేనే అయ్యుంటాను. ఇంటికి పోయి మా అత్తకు చెబితే ఆమె కూడా కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది.

ఇక్కడ మా వీధి అలవాటు ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా దగ్గర చీరకు ఉన్న మర్యాద వేరు, కట్టుకున్న మనిషికి ఉన్న మర్యాద వేరు. వీధిలో ఎవరి కోడలైనా కొత్త చీర కట్టుకుని పోతుంటే అరుగు మీద పెద్దాయన "ఏదీ అమ్మా, కొంగు ఇట్లియ్యి" అనేవాడు. ఆమె నిలబడి కొంగు చేతికిచ్చేది. ఆయన దాన్ని వేళ్ళ మధ్య రాసి, వెలుతురుకు పట్టి, అంచు అతుకు దగ్గర గోరుతో గీసి చూసి, మళ్ళీ ఇచ్చేవాడు. ఆమె పోయేది. ఎక్కడైనా పోగు లేచి ఉంటే అడిగే పని కూడా లేదు, చూసినవాడు చూసినట్టు పట్టుకుని సర్దేసేవాడు. పసిబిడ్డ ముక్కు కారుతుంటే తుడవడానికి ఎవరి బిడ్డా అని అడుగుతామా? అట్లా ఉండేది. మా ఆయన ఆ వీధిలో పుట్టాడు, ఆ వీధిలో పెరిగాడు. ఇంకో లోకం ఆయనకు తెలియదు.

ఆ రోజు తోటలో బెంచీ మీద ఒక ఆఫీసరు భార్య కూర్చుని ఉంది. ఆఫీసరు కొంచెం అవతల చేతికర్ర ఊపుకుంటూ ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె కట్టుకున్నది వంగపండు రంగు పట్టుచీర, చిలకపచ్చ అంచు. మా వీధిలో నేసిందే. ఎవరు నేసిందో నాకు తెలియదు, మా ఆయనా ఎప్పుడూ చెప్పలేదు. మేం ఆమె పక్క నుంచి దాటబోతున్నాం. బెంచీ వెనక ఒక మేకు పైకి లేచి ఉంది. ఆమె కొంగు జారి, జరీ పోగు దానికి తగులుకుని ఉంది. ఆమె చూసుకోలేదు. లేచింది. కొంగు బిగిసింది.

మా ఆయన నా భుజం వదిలేశాడు. నెలల తరబడి వదలని చెయ్యి తీసేసి, ఏ ఆసరా లేకుండా, ఆ కుడికాలి మీదే బరువు వేసి గబగబా నడిచిపోయాడు. ఆయన అట్లా నడవగలడని నాకే తెలియదు. వంగి రెండు చేతులా ఆ కొంగు పట్టుకున్నాడు.

ఆమె కెవ్వున అరిచింది. ఆఫీసరు పరిగెత్తుకొచ్చి చేతికర్రతో మా ఆయన మణికట్టు మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. "ఆడమనిషి కొంగు పట్టుకుంటావురా, వెధవా!" మా ఆయన చేతులు వదలకుండానే "జరీ తల్లీ, జరీ" అంటున్నాడు. మూడో దెబ్బకు వదిలేసి కింద పడ్డాడు. నేను అరుస్తూ మధ్యలోకి పోతే కాపలావాడు నా రెక్క పట్టి ఈడ్చాడు. అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. "మేకు సూడండి! మేకు సూడండి!" అని గొంతు చించుకున్నాను. ఆఫీసరు చూడలేదు.

ఆమె చూసింది. నా మాట విని వెనక్కి తిరిగి బెంచీని చూసింది. జరీ పోగును రెండు వేళ్ళతో మెల్లిగా మేకు నుంచి తప్పించింది. అంచు వెనకా ముందూ తిప్పి, చినగలేదని రూఢి చేసుకుంది. అప్పుడు కింద పడి ఉన్న మా ఆయన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. నేను ఆ మొహంలో చూశాను, నాకు అనుమానం లేదు. కొంగు భుజం మీద సర్దుకుని, "పదండి, చీకటి పడుతోంది" అంది మొగుడితో.

రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా? కొట్టడం వాళ్ళకు అలవాటు, తినడం మనకు అలవాటు. వాడికి నిజం తెలియదు, కొట్టాడు. వాడి మీద ఉన్న కోపం ఒక పాలైతే ఆమె మీద మూడు పాళ్ళు. ఒక్క మాట. జరీ తగులుకుంది, అతను తీస్తున్నాడు. ఇంత చెబితే ఆమె సొమ్మేం పోయేది? నలుగురిలో మొగుడు తప్పు చేశాడని చెప్పడం ఆమెకు కష్టమే అయి ఉండొచ్చు. నాకు జాలి లేదు. నా మొగుడి కాలి మీదుగా ఆమె తన కాపురం చక్కబెట్టుకుంది.

అంతటితో అయిందా? గోరుచుట్టు మీద రోకటిపోటు లాగా మరుసటి రోజు పొద్దున్నే షావుకారూ, కులపెద్దలూ మా అరుగు మీద వాలారు. దెబ్బ ఎట్లుందని ఒక్కడూ అడగలేదు. మా ఆయన మణికట్టు సొరకాయంత అయి ఉంది.

"ఆ ఇండ్లకే గదప్పా మన చీరలు పోయేది" అన్నాడు షావుకారు. "పోయి తప్పయిందని చెప్పిరా. మాట పెద్దది కాకముందే."

నేను తలుపు వెనక నుంచి, "తప్పు ఎవురిది? మేకుదా, మా ఆయనదా?" అన్నాను.

"ఆడోళ్ళు మాట్లాడేది కాదు ఇది" అన్నాడు ఒక పెద్దమనిషి. ఆయనకు ఎవరి కోడలి కొంగైనా పట్టి చూడకపోతే అన్నం సయించదు. ఆ పెద్దమనిషి కూడా ఆ రోజు నోరు విప్పి, "మా వీధిలో అది తప్పు కాదయ్యా" అని అనలేదు. అందరికీ అలవాటు తెలుసు. తెలిసీ తల ఊపారు. ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా!

మా ఆయన తప్పయిందని చెప్పడానికి పోయాడు. నన్ను రావద్దని, జట్కా ఎక్కి పోయాడు. బంగళా గేటు బయట నిలబడ్డాడట. లోపల వరండాలో ఆమె మల్లెపూలు కట్టుకుంటూ ఉందట. ఈయన్ని చూసి లేచి లోపలికి పోయిందట. చాలాసేపటికి నౌకరు వచ్చి, "సరే, పొమ్మన్నారు" అని చెప్పాడట. ఇదంతా ఆయన నాకు చెప్పలేదు. జట్కా సాయిబు చెప్పాడు, చెబుతూ తన గుర్రాన్ని తిట్టాడు.

ఆ సాయంత్రం నడకకు లేవమంటే ఆయన లేవలేదు.

"తప్పు నాదేలే. అడక్కుండా పట్టుకుంటిని."

"అడిగేలోపల చినిగేది గదయ్యా!"

"చినిగితే చినిగేది. వాళ్ళ చీర."

ఆ మాట అన్నది మా ఆయనే. చేతి దెబ్బ పది రోజుల్లో మానింది. మళ్ళీ మగ్గం గుంటలోకి దిగాడు. కానీ వీధిలోకి అడుగు పెట్టడు. నేను బతిమాలాను, తిట్టాను, అన్నం పెట్టనని బెదిరించాను, పెట్టకుండా ఉండలేక పెట్టాను. తోట వద్దు, కోట దాకా పోదామన్నాను. కోట వద్దు, జట్కాల వీధి దాకా పోదామన్నాను. మా అత్త, నన్ను సిగ్గులేనిదాన్నన్న మా అత్తే, కొడుకు ముందు నిలబడి "లెయ్ రా, పెండ్లాం భుజం పట్టుకోని పో. ఊరు ఏమన్నా అనుకోనీ" అని ఏడ్చింది. ఆయన వినలేదు. అంత మొండితనం ఆ ఆఫీసరు ముందు ఎక్కడికి పోయిందో!

ఒక పొద్దున మా చిన్నోడు వేడి అంబలి చట్టి ఒలకబోశాడు. అది గడప దగ్గర కూర్చున్న వాళ్ళ నాయన కుడి పాదం మీద పడింది. పిల్లవాడు భయపడి అరిచాడు. ఆయన మాత్రం ఎందుకురా అరుస్తావు అని అడిగాడు. పాదం మీద బొబ్బలు లేచేదాకా ఆయనకు తెలియలేదు. నేను ఆ రోజే మూట కట్టాను.

హిందూపురంలో మా పుట్టిల్లు పెన్న వైపు శివారులో ఉండేది. పాత పెంకుటిళ్ళ వీధి, చివర చింతతోపు, తోపు దాటితే ఏటి దాకా మెత్తని బండిదారి. అక్కడ మాకు జరిగింది ఎరిగినవాళ్ళు లేరు. సగం మంది కన్నడమే మాట్లాడతారు. కమ్మీలు లేవు, బెంచీలు లేవు, కాపలావాడు లేడు. మా అమ్మ గడ్డం పట్టుకుని బతిమాలితే ఆయన ఒప్పుకున్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. నాలుగు రోజులు నడిచాం. కాలు ఈడ్చుతూనే, కానీ నడిచాడు. ఏటి గాలికి ఆయన మొహం కాస్త తేరుకుంది. నా కోపం కూడా కొంచెం తగ్గిందేమో అనుకున్నాను.

ఐదో రోజు ఎదురుగా ఒక పెళ్ళి గుంపు వచ్చింది. ఏటికి పోయి పూజ చేసుకుని వస్తున్న ఆడవాళ్ళు, అందరూ పట్టుచీరల్లో. దారి ఇరుకు. వాళ్ళు దగ్గరికి రాగానే ఆయన నా భుజం మీది చెయ్యి తీసేశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని, కంచె వైపు మొహం తిప్పి నిలబడ్డాడు. బడిలో శిక్ష పడిన పిల్లాడు నిలబడినట్టు. ఆసరా లేని ఆ కాలు ఎంతసేపు నిలుస్తుంది? మడతపడింది. చేతులు వెనక ఉన్నవి ఉన్నట్టే ఉండగా మొహం నేలకు కొట్టుకునేలా పడ్డాడు. పడేటప్పుడైనా మనిషి చేతులు ముందుకు చాపుతాడు గదా. ఈయన చాపలేదు.

ఆడవాళ్ళు కన్నడంలో "అయ్యో పాప" అని జాలిపడుతూ చుట్టూ చేరారు. వాళ్ళలో ఒక పెద్దామె చెయ్యి అందించింది. ఆయన కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపాడు. వాళ్ళు ఏం చేయాలో తోచక, తమ దారిన వెళ్ళిపోయారు.

నా కోపమంతా అప్పుడు ఆయన మీదే విరుచుకుపడింది. ఆఫీసరు దొరకలేదు, ఆమె దొరకలేదు, పెద్దమనుషులు దొరకలేదు, ఈయన దొరికాడు. దుమ్ములో పెదవి చిట్లి కూర్చున్న మనిషి మీద అరిచాను. కొంగు విప్పి ఆయన మొహం ముందు పెట్టాను. "పట్టుకో! నీ పెండ్లాం చీర. నువ్వు నేసిచ్చిన చీర. దీన్ని పట్టుకోని లెయ్!"

ఆయన చేతులు వెనకే ఉన్నాయి. దారికి అటూ ఇటూ చూశాడు.

"వద్దులేమ్మే" అన్నాడు. "ఎవురన్నా చూస్తే కొడతారు."